గొణిగే గోడ

పెద్దల వార్డులో ఒక గోడ ఉండేది. రాత్రి పది దాటాక దాని పక్కకి ఎవరూ వెళ్ళేవారు కాదు.

గోడంటే నిజానికి గోడ కూడా కాదు. పాత ఆసుపత్రి మూడో అంతస్తులో ఒకే పెద్ద హాలుని రెండు చేయడానికి అడ్డంగా కొట్టిన చెక్క. ఇటు ఆడవాళ్ళ మంచాలు పన్నెండు, అటు మగవాళ్ళ మంచాలు పన్నెండు. పగలంతా అది మామూలు చెక్కే. క్యాలెండరు తగిలించుకుని, మేకులు దిగ్గొట్టించుకుని బుద్ధిగా నిలబడి ఉండేది. రాత్రయ్యేసరికి మాత్రం... గొణిగేది.

మొదట విన్నది వార్డు తుడిచే ఆయా. "అమ్మా, గోడ అంకెలు చెబుతోంది" అని బకెట్టు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తర్వాత వాచ్‌మన్ విన్నాడు. "నలభై ఆరు" అందట గోడ. కాసేపాగి, "చచ్చింది" అందట.

వార్డులో ఉన్నవే ఇరవై నాలుగు మంచాలు. మరి ఆ నలభై ఆరు ఎవరు?

వాచ్‌మన్ రెండు రోజులు ఆలోచించి తేల్చాడు. పూర్వం ఇక్కడ ఒక పెద్ద నర్సు ఉండేదట. పోయినవాళ్ళ లెక్క పుస్తకంలో రాసుకునేదట. తను పోయినా ఆ లెక్క మాత్రం ఆపలేదట. ఆ పెద్ద నర్సుని చూసినవాళ్ళు ఆసుపత్రి మొత్తంలో ఒక్కరు లేరు. అయినా నెల తిరిగేసరికి ఆవిడకి తెల్ల చీర, తాళాల గుత్తి, కుంటి కాలు... అన్నీ వచ్చేశాయి.

దగ్గరికి వెళ్తే గోడ నోరు మూసుకునేది. అడుగుల చప్పుడు వినబడిందంటే చాలు — నిశ్శబ్దం. గొణుగుడు కంటే ఆ నిశ్శబ్దానికే అందరూ ఎక్కువ జడుసుకునేవారు. పోనీ అక్కడ పడుకునేవాళ్ళని అడుగుదామా అంటే, చెవి మిషన్లు తీసి డబ్బాల్లో పెట్టుకుని నిద్రపోయే వాళ్ళకి గోడ గొణిగినా ఒకటే, గోడ కూలినా ఒకటే.

ఇది ఆ వార్డు నైట్ నర్సుకి ఎదురైన కథ. ఆమెని అందరూ ఎక్స్‌ప్రెస్ సిస్టర్ అనేవారు. బయలుదేరితే మధ్యలో ఎక్కడా ఆగని నడక. దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవని పగటిపూట అందరినీ కసిరేది. రాత్రిపూట ఆ మూలకి వచ్చేసరికి మాత్రం... అటు చూడకుండా, మామూలు కంటే ఇంకాస్త వేగంగా దాటేసేది.

అలాంటి వార్డుని మార్చేస్తున్నారని తెలియగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. పైకప్పు కారుతోంది, లిఫ్టు వారానికి రెండుసార్లు మొరాయిస్తోంది. అందుకని ఆవరణకి అవతల కొత్తగా కట్టిన భవనంలో కింది అంతస్తుకి మార్పు.

"గోడని ఇక్కడే వదిలేస్తున్నారుగా?" అని ఆయా ముగ్గురిని అడిగి మరీ రూఢి చేసుకుంది.

మార్చింది ఒక మంగళవారం నాడు. పొద్దున్నుంచీ ఒకటే హడావిడి. ఒక్కొక్కరి చేతికి మంచం నంబరు రాసిన పట్టీ కట్టి, లిఫ్టులో దింపి, ఆవరణ దాటించి... తల ప్రాణం తోకకొచ్చింది. ఒక తాతగారు ఆవరణ మధ్యలో మంచం ఆపించి, "ఐదు నిమిషాలు ఆగండర్రా, ఆకాశం చూసి ఏడు నెలలైంది" అన్నారు. ఆయన వెనక ఆరు మంచాలు ఆగిపోయాయి. పళ్ళసెట్ల డబ్బాలు రెండు తారుమారయ్యాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు తాతలు నమలలేక, ఒకరి నోటి వంక ఒకరు అనుమానంగా చూసుకున్నారు.

అందరికంటే చివర దాటింది మాస్టారి మంచం.

ఆయన లెక్కల మాస్టారు. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి, ఎడమకాలు ఈడ్చుకుంటూ చేరారు. చేరిన నాటి నుంచీ నోట ఒక్క మాట లేదు. నాలుక బాగుంది, గొంతు బాగుంది, మాట రాకపోవడానికి కారణం కనబడదు అన్నారు డాక్టర్లు. పెద్ద డాక్టరుగారు వారం వారం వచ్చి, చంటిపిల్లాడిని అడిగినట్టు అడిగేవారు — "మాస్టారూ, ఇవాళ ఏ వారం? రెండూ రెండూ కలిపితే ఎంత?" మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయేవారు. అడిగి అడిగి, చివరికి కేసుషీటులో మతి లేదని రాసేశారు.

మతి లేని పెద్దవాళ్ళని ఉంచే ఆశ్రమం ఒకటి ఊరి బయట ఉంది. గదులకి బయట నుంచి గడియ పెడతారు. బుధవారం పొద్దున్న మాస్టారి మేనల్లుడు వచ్చి ఆయన్ని అక్కడ చేర్చాలని నిర్ణయమైపోయింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం ఎక్స్‌ప్రెస్ సిస్టర్ ఇంతవరకూ చూడలేదు.

"కొత్త వార్డులో ఒక్క రాత్రే ఉంటారన్నమాట" అంటూ ఆమె మాస్టారి దుప్పటి సర్దింది.

కొత్త వార్డు అద్దంలా ఉంది. ఆడవాళ్ళ హాలు ఈ చివర, మగవాళ్ళ హాలు ఆ చివర. మధ్యలో పొడుగాటి వరండా, ఆఫీసు గది, రెండు ఇటుక గోడలు. ఆ ఇటుకలు గొణిగే రకంగా కనబడలేదు. ఎక్స్‌ప్రెస్ సిస్టర్ చాలా రోజుల తర్వాత నిదానంగా నడిచింది.

పదకొండింటికి ఆడవాళ్ళ హాల్లో చూసుకుంటూ వెళ్ళింది. చివరి మంచం ఎక్స్‌ఛేంజి అమ్మమ్మది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఈ మధ్యే చేతికర్రతో నాలుగడుగులు వేస్తోంది.

దుప్పటి ముసుగు తన్ని ఉంది.

"అమ్మమ్మగారూ..." అని భుజం మీద చెయ్యి వేసింది.

మెత్తగా ఉంది. మరీ మెత్తగా...

దుప్పటి లాగింది. రెండు దిళ్ళు!

బాత్రూములు చూసింది. సామాన్ల గది చూసింది. మనసెందుకో కీడు శంకించి, వరండా పొడుగునా పరిగెత్తి మగవాళ్ళ హాలుకి వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు... పన్నెండో మంచంలో మాస్టారి ఉన్ని టోపీ కనబడుతోంది. హమ్మయ్య అనుకుని దగ్గరికెళ్ళింది.

టోపీ దిండుకి పెట్టి ఉంది.

"తీసుకుపోయింది" అంది ఆయా, గుండెల మీద చెయ్యి వేసుకుని. "మనం గోడని వదిలేశాం గానీ, గోడ మనల్ని వదల్లేదమ్మా."

"నోరు మూసుకో" అంది సిస్టర్.

వాచ్‌మన్ ఆవరణలో కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడుతున్నాడు. అడగ్గానే లేచి నిలబడి, రహస్యంగా చెప్పాడు.

"నేను మనుషులెవర్నీ చూడలేదు సిస్టర్. కానీ... పాత లిఫ్టు పైకెళ్ళింది. మూడో అంతస్తుకి. పదింటికి ఒకసారి, పావుగంటాగి మళ్ళీ ఒకసారి. ఖాళీగా."

"ఖాళీగా అని నీకెలా తెలుసు?"

"భవనంలో ఎవరూ లేనప్పుడు లిఫ్టు ఖాళీగా కాక ఇంకెలా వెళ్తుందమ్మా?"

డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. వచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంటలో విరిగిన తుంటి మళ్ళీ విరగొచ్చు. ఒకసారి వచ్చిన పక్షవాతం మళ్ళీ రావచ్చు. సిస్టర్ ఫోన్‌లో లైటు వేసుకుని పాత భవనం వైపు నడిచింది. మిగతా ఇరవై రెండు మందినీ చూస్తూ ఉండమంటే, వాచ్‌మన్ ఎగిరి గంతేసినంత పనిచేసి కొత్త భవనంలోకి వెళ్ళిపోయాడు. ఆయా మాత్రం ఆమె కొంగు పట్టుకుని వెనకే వచ్చింది.

లిఫ్టు బటన్ నొక్కింది. రాలేదు. పైన ఎవరో తలుపు తీసి వదిలేశారు.

మెట్లెక్కారు. మొదటి అంతస్తు. పాత మందుల వాసన, తడి సున్నం వాసన. రెండో అంతస్తు. ఎక్కడో నీటి చుక్క పడుతోంది... టప్... టప్...

అక్కడ ఆయా ఆగిపోయింది. "నేనిక్కడ నిలబడి చూస్తుంటానమ్మా."

"ఏం చూస్తావు?"

"మీరు తిరిగొస్తారో లేదో."

మిగిలిన మెట్లు సిస్టర్ ఒక్కతే ఎక్కింది. మూడో అంతస్తు. లిఫ్టు తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. హాలు తలుపు కొంచెం తెరిచి ఉంది. మంచాలు లేని హాలు ఎంత పెద్దదో ఆమెకి అప్పుడే తెలిసింది. అంత చీకటిలో, దూరంగా ఆ మూల, చెక్క అడ్డం నల్లగా నిలబడి ఉంది.

గోడ గొణిగింది.

"నలభై... మూడు."

ఒక మగ గొంతు. పొడిగా, బొంగురుగా. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆ గొంతు ఎన్నడూ వినలేదు.

నిశ్శబ్దం.

"చచ్చింది" అంది ఆ గొంతు. "మీ రెండో ఏనుగు కూడా... చచ్చింది."

అంకెలు సరే, చావులు సరే, ఈ ఏనుగులెక్కడివి? వెనక్కి తిరిగితే మెట్లున్నాయి, మెట్ల కింద ఆయా ఉంది, ఆవరణ అవతల దీపాలున్నాయి. తిరగబోయింది కూడా. అంతలో ఎవరో చిన్నగా దగ్గారు.

ఆ దగ్గు ఆమెకి తెలుసు. రాత్రి తొమ్మిదింటికి ఆ దగ్గుకే మందు పోసింది.

"అమ్మమ్మగారూ!"

లైటు అటు తిప్పింది. అడ్డానికి ఇవతల, పాత ఇనప స్టూలు మీద, దుప్పటి చుట్టుకుని ఎక్స్‌ఛేంజి అమ్మమ్మ. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"లైటార్పు తల్లీ" అంది, కళ్ళు తెరవకుండానే. "గళ్ళు చెదిరిపోతాయి."

సిస్టర్ నాలుగడుగులేసి అడ్డానికి అవతల వైపు చూసింది. ఎవరో వదిలేసిన చక్రాల కుర్చీలో మాస్టారు. ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నారు.

"మాస్టారూ... మీకు మాటలొచ్చా?"

ఇవతల నుంచి అమ్మమ్మే అందుకుంది.

"లక్షణంగా వచ్చు. నీతో మాట్లాడరులే. మేం చదరంగం ఆడుతున్నాం."

"బల్ల ఏదండీ?"

"బల్లెందుకు? అరవై నాలుగు గళ్ళు. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు పెట్టుకున్నాం. ఊరందరి ఫోన్ నంబర్లూ గుర్తుపెట్టుకున్న దాన్ని, నాకు ఇదొక లెక్కా? ఆపరేషనైన కొత్తలో, నొప్పికి నిద్ర పట్టక నాలో నేనే గొణుక్కుంటూ ఎత్తులు వేసుకుంటుంటే, చెక్క అవతల నుంచి ‘ఆ గుర్రం తప్పు వేశారండీ’ అన్నారు. అదీ ఈయన నాతో అన్న మొదటి మాట. అప్పట్నుంచీ రోజూ ఆడుతున్నాం. మీ అడుగులు వినబడితే ఆపేసేవాళ్ళం, పడుకోమని తిడతారని."

ఐదు నెలల దెయ్యం. తెల్ల చీర, తాళాల గుత్తి, కుంటి కాలు. సిస్టర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం బాగా వచ్చింది.

"ఇంత రాత్రి, ఆ తుంటితో, ఈ చీకట్లో... ఏదైనా అయితే? లేవండి ముందు! ఇద్దరూ లేవండి!"

"లేవను" అంది అమ్మమ్మ. గొంతు తగ్గించింది. "ఇలా రా."

సిస్టర్ వంగింది.

"పొద్దున్న ఈయన్ని తీసుకెళ్ళిపోతున్నారని మీరు అనుకుంటుంటే విన్నాను. నిన్న రాత్రి బతిమాలాను, డాక్టరు అడిగితే ఒక్క మాట చెప్పండీ అని. వినరు. రెండూ రెండూ ఎంత అని అడిగేవాడికి నేను జవాబు చెప్పనంటారు. అందుకని పందెం వేశాను. ఈ ఆట నేను గెలిస్తే రేపు ఆయన నోరు విప్పాలి. ఆయన గెలిస్తే... ఆయన ఇష్టం. కొత్త భవనంలో ఈయన ఆ చివర, నేను ఈ చివర. అక్కడెలా ఆడతాం? అందుకని ఇక్కడికి రమ్మన్నాను."

"ఇప్పుడు ఎవరు గెలుస్తున్నారు?"

అమ్మమ్మ దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

నిబంధన ప్రకారం ఇద్దరినీ తక్షణం దింపాలి. ఎక్స్‌ప్రెస్ సిస్టర్ రెండు నిమిషాలు అలాగే నిలబడింది. తర్వాత లైటు ఆర్పేసింది. అడ్డం చివర, ఇద్దరూ కనబడేలా, నేల మీద చతికిలబడింది.

"పావుగంట" అంది. "అంతే."

ఆ పావుగంటా ఆమె జీవితంలో మర్చిపోలేదు. చదరంగం ఆమెకి రాదు. చీకట్లో ఇటు నుంచి ఒక అంకె... చాలాసేపటికి అటు నుంచి ఒక అంకె. గుర్రం పోయింది. బంటు పోయింది. మాస్టారి గొంతు స్థిరంగా ఉంది. అమ్మమ్మ గొంతు ఎత్తు ఎత్తుకీ సన్నబడుతోంది.

కింద నుంచి ఆయా కేక వినబడింది. "అమ్మా! బతికే ఉన్నారా?"

"ఉన్నాను! అరవకు, గళ్ళు చెదిరిపోతాయి!" అంది సిస్టర్.

ఈసారి ఎత్తు అమ్మమ్మది. ఎంతసేపటికీ వేయదు. ఒక నిమిషం... రెండు...

"ఏనుగు" అంది అమ్మమ్మ ఉన్నట్టుండి. "యాభై ఎనిమిదికి. మీ రాజుకి ఇంక దారి లేదు. ఆట కట్టు."

"...ఏనుగా?" అన్నారు మాస్టారు.

"ఏనుగే."

చీకట్లో మాస్టారి కుర్చీ ఒకసారి కిర్రుమంది.

"సరే" అన్నారాయన. "ఆట కట్టు."

సిస్టర్ కుర్చీని అడ్డం ఇవతలకి తోసుకొచ్చి, ఫోన్ లైటు వేసింది. ఐదు నెలలుగా రోజూ మాట్లాడుకున్న ఇద్దరూ అప్పుడే మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మమ్మ ఎగాదిగా చూసింది.

"మీరింకా పొడుగనుకున్నాను" అంది.

"మీరింకా ముసలివారనుకున్నాను" అన్నారు మాస్టారు.

ముగ్గురూ లిఫ్టులో దిగుతుంటే, రెండో అంతస్తులో నిలబడ్డ ఆయా లిఫ్టు ఊచల తలుపులోంచి ముగ్గురినీ చూసి, పెట్టిన కేకకి ఆవరణలో చెట్ల మీద కాకులు లేచాయి.

పొద్దున్న తొమ్మిదింటికి పెద్ద డాక్టరుగారు వచ్చారు. పక్కన మాస్టారి మేనల్లుడు, చేతిలో బట్టల సంచీ, సంతకం పెట్టిన కాగితాలు. డ్యూటీ అయిపోయినా సిస్టర్ ఇంటికి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడింది.

డాక్టరుగారు అలవాటు ప్రకారం వంగి, "మాస్టారూ, ఇవాళ ఏ వారం?" అన్నారు.

మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

"బుధవారం" అన్నారు మాస్టారు, కిటికీలోంచి చూస్తూనే. "పోయిన వారం మీరిదే ప్రశ్న గురువారం నాడు అడిగారు. కేసుషీటు మీద శుక్రవారం అని వేసుకున్నారు. దిద్దుకోండి. ఇక రెండూ రెండూ నాలుగు. నలభై ఏళ్ళు అదే చెప్పాను, ఇంకా మారలేదు."

డాక్టరుగారి చేతిలో పెన్ను కింద పడింది. ఆయన ముందు కేసుషీటు చూశారు, తర్వాత మాస్టారిని చూశారు, తర్వాత చెవులదాకా ఎర్రబడ్డారు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఈసారి పెద్దమనిషిని అడిగినట్టు అడిగారు — "కాలు ఎక్కడ పట్టేస్తోందండీ?"

మేనల్లుడు సంచీ నేల మీద పెట్టేశాడు. "మామయ్యా... ఐదు నెలలు! నాతో కూడా ఒక్క మాట..."

"నువ్వు నన్నెప్పుడు అడిగావురా?" అన్నారు మాస్టారు మెల్లగా. "వచ్చినప్పుడల్లా ‘ఎలా ఉన్నాడు’ అని సిస్టర్‌ని అడిగేవాడివి. నేను పక్కనే ఉండేవాణ్ణి."

మేనల్లుడు తలొంచుకున్నాడు. కాసేపటికి మంచం అంచున కూర్చుని, "ఎలా ఉన్నావు మామయ్యా?" అని అడిగాడు. ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాటి అవసరం మళ్ళీ రాలేదు. ఆరు వారాలు కాలికి వ్యాయామం, తర్వాత ఇంటికి అని రాశారు డాక్టరుగారు.

సిస్టర్ ఆ కబురు మోసుకుని వరండా అంతా ఒక్క ఊపులో దాటి, అమ్మమ్మ దగ్గరికెళ్ళింది. అమ్మమ్మ అంతా విని, కళ్ళొత్తుకుని, అటూ ఇటూ చూసి ఆమెని దగ్గరికి పిలిచింది.

"నీకొక మాట చెబుతాను. ఎవరితోనూ అనకు. నేను గెలవలేదు."

"అదేంటి? ఆట కట్టు అన్నారుగా?"

"నా ఏనుగులు రెండూ ఎప్పుడో చచ్చాయి తల్లీ. ఇంకో రెండెత్తుల్లో ఓడిపోయేదాన్ని. ఏం చేయాలో తోచక, చచ్చిన ఏనుగుని లేపి నడిపించేశాను. చీకట్లో ఆయన మర్చిపోయినట్టున్నారు."

సిస్టర్ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఉంది గానీ, మాస్టారు అలాంటిది మర్చిపోయే మనిషేనా అని ఒక అనుమానం మనసులో మెదిలింది. ఆ రాత్రి డ్యూటీకి రాగానే ముందు ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది. అందరూ పడుకున్నారు.

"మాస్టారూ" అంది గుసగుసగా. "నిన్నటి ఆటలో... ఆ ఏనుగు..."

మాస్టారు కళ్ళు మూసుకునే చిన్నగా నవ్వారు.

"అర్ధరాత్రి, ఎవరూ లేని మేడ మీద, చచ్చిన ఏనుగు లేచొచ్చి ఎదురుగా నిలబడిందమ్మా" అన్నారు. "భయమేసి దారిచ్చాను."